కార్డ్‌లెస్ డ్రిల్ మిషన్: బ్యాటరీ చూసి కొనాలా, వారంటీ చూసి కొనాలా?

కెమెరా_కర్నూలు (కల్లూరు)
అన్నలందరికీ నమస్తే. నాది సీసీ కెమెరాలు బిగించే పని. టౌన్‌తో పాటు కోడుమూరు, గూడూరు, వెల్దుర్తి పక్క పల్లెలకూ పోతుంటాను. ఇప్పటిదాకా వైరున్న హ్యామర్ డ్రిల్‌తోనే నెట్టుకొస్తున్నాను. మిషన్ బాగానే ఉంది, ఇబ్బందంతా వైరుతోనే. నిచ్చెన మీద ఒక చేత్తో బ్రాకెట్, ఇంకో చేత్తో మిషన్ పట్టుకుని ఉంటే కింద జంక్షన్ బాక్సులో ప్లగ్గు ఊడిపోతుంది. మళ్లీ దిగాలి. పల్లెల్లో అయితే మనం పోయే టైముకే కరెంటు ఉండదు.

అందుకే కార్డ్‌లెస్ తీసుకుందామనుకుంటున్నా. బడ్జెట్ పది వేల లోపు, మరీ మంచిదైతే ఇంకో రెండు వేలు. షాపుల్లో అడిగితే ఒకాయన 12 వోల్టులు చాలంటాడు, ఇంకొకాయన 18 లేకపోతే దండగ అంటాడు. ఆన్‌లైన్‌లో 21, 48, 88 అని కూడా ఉన్నాయి. అవేమో 18 వాటికన్నా చవక!

నాకు కావాల్సింది రెండే. బ్యాటరీ మధ్యలో చేతులెత్తేయకూడదు. పాడైతే వారంటీ నిజంగా పనికిరావాలి. బ్రాండ్ల కొట్లాట వద్దు, దండం పెడతా.

నాపరాయి_బేతంచెర్ల
మిషన్ సంగతి తర్వాత. నువ్వు బెజ్జాలు వేసేది దేంట్లో? అది చెప్పకుండా ఎన్ని వోల్టులని అడిగితే ఎవరైనా నోటికొచ్చిందే చెప్తారు.

మన పక్క పల్లెల్లో పాత మట్టి మిద్దెలున్నాయి. రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు. వాటిలో ఏ మిషన్ పెట్టినా బిట్టు రాయి మీద నుంచి జారి మట్టి సందులోకి పోతుంది. బెజ్జం వెడల్పైపోతుంది, ఫిషర్ ప్లగ్గు (స్క్రూ పట్టడానికి బెజ్జంలో పెట్టే ప్లాస్టిక్ గుల్ల) నిలవదు. అక్కడ చెక్క మేకు కొట్టి దానికి స్క్రూ బిగించాల్సిందే. కొత్త ఇళ్లలో ఎర్ర ఇటుక, సిమెంటు ఇటుక. ఇవి సులువు. పిల్లరు, బీము, స్లాబు వచ్చాయంటే కథ వేరు. ఇక నాపరాయి బండ తగిలిందంటే, అందులోనూ అంచు దగ్గరైతే, హ్యామర్ ఆపేసి మామూలు డ్రిల్ మోడ్‌లో నెమ్మదిగా పోవాలి. కొంచెం నీళ్లు చిలకరిస్తూ పోవాలి. హ్యామర్ పెట్టావంటే బండ పెచ్చు లేస్తుంది, ఇంటాయన నీ కూలిలో పట్టుకుంటాడు.

కెమెరా_కర్నూలు
అన్నా, ఎక్కువగా ఇటుక గోడలే. బ్రాకెట్లకు 6 మిల్లీమీటర్లు, అప్పుడప్పుడు 8. కేబుల్ లోపలికి పోవడానికి గోడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు 12, 14 పొడుగు బిట్టుతో ఒకటో రెండో. పోర్టికో స్లాబు కింద డోమ్ కెమెరా పెట్టమంటే అక్కడ కాంక్రీట్ తగులుతుంది.

వడ్రంగి_అనంత
ఏమప్పా, 6 మిల్లీమీటర్ల బెజ్జానికి 18 వోల్టులెందుకు? నేను మాడ్యులర్ కిచెన్లు చేస్తాను, 12 వోల్టుల మిషన్‌తోనే. అరచేతిలో పడుతుంది, తల మీద ఎత్తి పట్టుకున్నా చెయ్యి లాగదు. ఈ సైజులో టార్క్, అంటే తిప్పే బలం, 30 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది. హింజిలకు, స్క్రూలకు అది ఎక్కువే. నిచ్చెన మీద పనిచేసేవాడికి బరువే అసలు శత్రువు.

నాపరాయి_బేతంచెర్ల
చెక్కకు నువ్వు చెప్పింది నిజమే. అతను గోడకు కదా అడుగుతున్నాడు.

వడ్రంగి_అనంత
12లో కూడా హ్యామర్ ఉన్న మోడళ్లున్నాయిలే. ఇటుకలో బాగానే దిగుతాయి.

సర్క్యూట్_ప్రొద్దుటూరు
ముందు ఈ వోల్టుల గోల తేల్చేద్దాం. నేను బ్యాటరీ ప్యాకులు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

లిథియం అయాన్ సెల్లు ఒక్కోటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. ఐదు వరుసగా కలిపితే 18. అదే సెల్లు నిండా ఛార్జ్ అయినప్పుడు 4.2 దాకా పోతుంది, అంటే ఐదింటికి 21. కాబట్టి ఒకరు డబ్బా మీద 18 అని రాసినా, ఇంకొకరు 20 మ్యాక్స్ అన్నా, మరొకరు 21 అన్నా లోపలున్నవి అవే ఐదు సెల్లులు. ఇందులో మోసం లేదు, ఎక్కడ కొలిచారన్నదే తేడా. 12 వోల్టులంటే మూడు సెల్లులు. సగటున కొలిస్తే 10.8.

ఇక ఆ 48, 88 సంగతి. చాలా వాటిలో ఆ అంకె పక్కన వీ తర్వాత ఇంకో ఇంగ్లిష్ అక్షరం తగిలించి ఉంటుంది. అది వోల్టేజీ కాదు, మోడల్ పేరు అని తప్పించుకోవడానికి. నిజంగా 48 కావాలంటే పదమూడు సెల్లులు వరుసగా ఉండాలి. ఆ ప్యాకు అరచేతిలో పట్టే సైజులో రాదు. విప్పి చూస్తే అందులోనూ ఐదే ఉంటాయి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఒక్క వోల్టుతోనో ఒక్క ఆంపియర్ అవర్‌తోనో (బ్యాటరీ ఎంత పడుతుందనే లెక్క) తేలదు. రెండూ గుణించాలి. 18 ఇంటూ 2 అంటే 36 వాట్ అవర్లు, అదే అందులో దాగున్న మొత్తం శక్తి. 18 ఇంటూ 4 అంటే 72. అదే 12 వోల్టుల మిషన్‌లో 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 10.8 ఇంటూ 2, దాదాపు 22 మాత్రమే. గోడలో గట్టిగా నొక్కి పట్టినప్పుడు మిషన్ 250 వాట్లు లాగుతోందనుకుంటే 36 వాట్ అవర్ల బ్యాటరీ ఆగకుండా తిరిగితే ఎనిమిది తొమ్మిది నిమిషాలు. వినడానికి తక్కువ అనిపిస్తుంది కానీ ఇటుకలో 6 మిల్లీమీటర్ల బెజ్జానికి పట్టేది కొన్ని సెకన్లే. కాబట్టి నీ పనికి 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండుంటే ఒకటి వాడుతూ ఇంకోటి ఛార్జింగ్‌లో పెట్టుకోవచ్చు. ఒకే 4 ఆంపియర్ అవర్లది కొంటే అది దిగాక కూర్చోవాల్సిందే.

కెమెరా_కర్నూలు
అన్నా, ఆన్‌లైన్‌లో ఒకదానికి 6 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండిస్తున్నారు, ధర మూడు వేల లోపే. అది కూడా మోడల్ పేరేనా 😀

సర్క్యూట్_ప్రొద్దుటూరు
తూకం వేసి చూడు. 18650 అనే మామూలు సైజు సెల్లు ఒక్కోటి 45 గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఆ సైజులో అన్నిటికన్నా ఎక్కువ పట్టేది కూడా మూడున్నర ఆంపియర్ అవర్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే 6 కావాలంటే ఐదు వరుసలో, రెండేసి జంటగా, మొత్తం పది ఉండాలి. సెల్లుల బరువే దాదాపు అర కిలో అవుతుంది, పైన ప్లాస్టిక్ డబ్బా వేరే. కిరాణా కొట్టు తక్కెడలో పెట్టినప్పుడు మొత్తం ప్యాకే 350 గ్రాములు తూగితే లోపల ఐదు సెల్లులే అని అర్థం. అవి కూడా ఒక్కోటి ఒకటిన్నరదే కావచ్చు. దీనికి మీటరు కూడా అక్కర్లేదు.

21700 అని ఇంకో సైజు ఉంది, కాస్త లావు, 70 గ్రాముల దాకా ఉంటుంది. మంచి కంపెనీలు ఇప్పుడు 4 ఆంపియర్ అవర్ల ప్యాకును ఈ సెల్లులు ఐదింటితోనే చేస్తున్నాయి. అది మోసం కాదు.

ఇంకో మాట. పది సెల్లుల ప్యాకులో కరెంటు రెండు దారుల్లో పంచుకుంటుంది కాబట్టి ఒక్కో సెల్లు మీద భారం సగమే. తక్కువ వేడెక్కుతుంది, బరువైన పనిలో మిషన్ నీరసపడదు. అదే పెద్ద ప్యాకు అసలు లాభం. ఎక్కువసేపు రావడం దాని తర్వాతే.

మిద్దెమీద_సోలార్ (అనంతపురం)
ప్రొద్దుటూరు అన్న చెప్పిందానికి మన ఎండను కలుపుకోండి. నేను సోలార్ ప్యానెళ్లు బిగిస్తాను, పని మొత్తం డాబా మీదే. ఏప్రిల్, మే నెలల్లో మన కర్నూలు, కడప, అనంతపురం పక్క 42, 43 డిగ్రీలు మామూలే. అది నీడలో లెక్క. సిమెంటు డాబా మీద ఎండలో పెట్టిన నల్ల బ్యాటరీని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మంచి కంపెనీల ఛార్జర్లు దీన్ని కనిపెడతాయి. వేడిగా ఉన్న బ్యాటరీ పెడితే లైటు వేరే రకంగా వెలిగి, చల్లబడేదాకా ఛార్జ్ ఎక్కించవు. కొత్తవాళ్లు దాన్ని చూసి ఛార్జర్ పోయిందనుకుని షాపుకు పరిగెడతారు. చవక ఛార్జర్లకు ఈ తెలివి ఉండదు. ఎంత వేడిగా ఉన్నా ఎక్కించేస్తాయి, ఏడాది తిరక్కుండా బ్యాటరీ సగానికి పడిపోతుంది.

నేను చేసేది: బ్యాటరీలు నీడలో, తడి గోనెసంచి పక్కన (సంచి మీద కాదు). వాడి తీసిన బ్యాటరీని వెంటనే ఛార్జర్‌లో పెట్టను, కాసేపు ఫ్యాన్ కింద ఉంచుతాను. బండి డిక్కీలో మధ్యాహ్నం వదిలేయడం అసలే లేదు.

కెమెరా_కర్నూలు
డిక్కీలో పెట్టే అలవాటు నాకు ఉంది అన్నా. సామాను మొత్తం అందులోనే.

మిద్దెమీద_సోలార్
మిషన్ ఉంచుకో. బ్యాటరీ మాత్రం ఊడదీసి సంచిలో వేసుకుని లోపలికి తీసుకుపో.

గల్ఫ్_మామ (రాయచోటి)
మా బావమరిది కువైట్‌లో ఉన్నాడు, వచ్చే నెల వస్తున్నాడు. అక్కడ మంచి కంపెనీది 18 వోల్టుల సెట్టు ఆఫర్‌లో ఉందంట. తెమ్మంటే మేలా? ఎవరైనా తెప్పించుకున్నారా?

సర్క్యూట్_ప్రొద్దుటూరు
కువైట్‌లోనూ కరెంటు 240 వోల్టులే కాబట్టి ఛార్జర్ ఇక్కడ పనిచేస్తుంది. పిన్నులు మూడు చదరపువి వస్తాయి, అడాప్టర్ పెట్టుకోవాలి. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లే జాగ్రత్త. అక్కడి ఛార్జర్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి. మన ప్లగ్గులో పెట్టిన క్షణం పొగే.

విమానంలో ఒక రూలు మర్చిపోవద్దని చెప్పండి. విడిగా ఉన్న లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి. తీగలు తగలకుండా వాటి కాంటాక్టుల మీద టేపు వేయాలి. డ్రిల్ మిషన్ మాత్రం చేతి బ్యాగులో ఒప్పుకోరు, అది చెక్-ఇన్‌లో వేయాలి. 100 వాట్ అవర్ల దాకా బ్యాటరీకి ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేదు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్లదంటే 90, సరిపోయింది. 6 అంటే 108, ముందే అడిగి అనుమతి తీసుకోవాలి.

హార్డ్‌వేర్_కడప
నాది షాపే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. గల్ఫ్ సరుకు చాలామంది తెస్తారు, సరుకులో వంక లేదు. కానీ వారంటీ చాలా కంపెనీల్లో కొన్న దేశానికే. ఇక్కడి సర్వీస్ సెంటర్‌వాళ్లు సీరియల్ నంబర్ కొట్టి చూసి, డబ్బులిస్తే చేస్తాం అంటారు. ఆఫర్‌లో మిగిలిన రెండు వేలు ఒక్క బ్యాటరీకి కూడా రావు.

వారంటీ గురించి మా షాపులో రోజూ జరిగే గొడవ ఇదీ. డబ్బా మీద ఒక సంవత్సరం అని ఉంటుంది. లోపల కార్డు విప్పి చదివితే మిషన్‌కు ఒక లెక్క, బ్యాటరీకి, ఛార్జర్‌కు ఇంకో లెక్క ఉండొచ్చు. కార్బన్లు (మోటార్ లోపల రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు), చక్ (బిట్టు పట్టే నోరు) అరిగిపోయేవి కాబట్టి వారంటీలో రావు. బ్యాటరీ మొత్తం చచ్చిపోతే చూస్తారు కానీ, మునుపు వచ్చినంత సేపు రావడం లేదంటే వాడకంతో తగ్గింది అంటారు. కొన్ని కంపెనీలు ఇంటి వాడకానికని అమ్మే మోడళ్లను పనివాళ్లు రోజూ వాడితే వారంటీ వర్తించదని కూడా కార్డులో రాస్తాయి. కెమెరాల పనికి అలాంటిది కొనవద్దు.

ఇంకొన్ని కంపెనీలు కొన్న కొద్ది వారాల్లోపు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే వారంటీ పెంచుతాయి. కొన్నరోజు షాపులోనే కూర్చుని చేయించుకోండి. ఇంటికి పోయాక ఎవరూ చెయ్యరు.

బురుజు_భాయ్ (కర్నూలు)
షాపువాళ్లు ఇంత మంచిగా చెప్తారని ఇప్పుడే తెలిసింది. నాకైతే ఒక షాపులో కార్డు మీద ముద్ర వెయ్యమంటే, ఆ కంపెనీకి ముద్ర అక్కర్లేదు భాయ్ అన్నాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. ఆరో నెలలో ఛార్జర్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో ఆ కాగితం చూసి నవ్వారు.

హార్డ్‌వేర్_కడప
భాయ్, తెల్ల కాగితం ఇచ్చేవాడు టాక్స్ మిగిల్చుకుంటున్నాడు. పవర్ టూల్స్ మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకపోతే ఇంత తగ్గిస్తా అంటే ఆ తగ్గించింది మీ వారంటీలోంచే తగ్గిస్తున్నాడని అనుకోండి. బిల్లులో మోడల్, సీరియల్ నంబర్ రెండూ రాయించుకోండి. బ్యాటరీల మీద కూడా విడిగా నంబర్లు, తయారైన తేదీ కోడ్ ఉంటాయి. బిల్లుతో పాటు వాటినీ ఫోటో తీసి పెట్టుకోండి.

సర్క్యూట్_ప్రొద్దుటూరు
తేదీ సంగతి నేను చెప్పాల్సింది, ఆయన చెప్పారు. షాపు అరలో రెండేళ్లు ఛార్జ్ లేకుండా పడి ఉన్న ప్యాకు కొత్తదే అయినా పాతదే. సెల్లు వోల్టేజీ మరీ కిందికి దిగిపోతే ఛార్జర్ దాన్ని గుర్తించదు. వానాకాలం పనుల్లేక మిషన్ మూలన పెట్టేవాళ్లు బ్యాటరీని సగం ఛార్జ్‌లో ఉంచి పెట్టాలి. నిండా ఎక్కించీ వద్దు, ఖాళీ చేసీ వద్దు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో పూర్తిగా దించి ఎక్కించాలనేవాళ్లు. లిథియం వాటికి ఆ పద్ధతి పెడితే తొందరగా చంపుకున్నట్టే.

కోర్టురోడ్డు (అనంతపురం)
వినియోగదారుల కమిషన్లో కేసుల పని చూస్తుంటాను, అందుకని రెండు ముక్కలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవారిని వినియోగదారుగా చూడదు. సర్వీస్ సెంటర్లు కూడా ఒక్కోసారి ఈ మాట అని భయపెడతాయి. కానీ అదే చట్టంలో వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని, స్వయంగా వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదు. సొంతంగా కెమెరాలు బిగించుకుని బతికే మనిషి కొన్న డ్రిల్ అలాంటిదే.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్. కర్నూలు, కడప, అనంతపురం మూడింట్లోనూ ఉన్నాయి. వస్తువు ఆన్‌లైన్‌లో కొన్నా, కంపెనీ ఎక్కడున్నా, మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల దాకా విలువకు ఫీజు లేదు. ఇబ్బంది మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. అన్నిటికీ బిల్లే ఆధారం. తెల్ల కాగితం చెల్లదని కాదు, దాన్ని నిరూపించుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

బురుజు_భాయ్
నాకు అప్పుడు ఈ నంబర్ తెలిసుంటే బాగుండేది సార్.

కెమెరా_కర్నూలు
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు ఇంకో అనుమానం. సర్వీస్ సెంటర్ దగ్గర్లో లేకపోతే వారంటీ ఏం లాభం? కొన్ని కంపెనీలకు హైదరాబాద్ పోవాలంటున్నారు. రెండు వందల కిలోమీటర్లు. పోను రాను చార్జీలు, ఒక రోజు కూలి.

వడ్రంగి_అనంత
మాకు బెంగళూరు కూడా అంతే దూరం. అందుకే నేను కొనే ముందు కంపెనీ సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూశా. అందులోనూ అమ్మే డీలరు వేరు, రిపేరు చేసే సెంటరు వేరు, సరుకు తీసుకుని పై ఊరికి పంపే కలెక్షన్ పాయింటు వేరు. మూడింటినీ ఒకే మ్యాపులో చూపిస్తారు. ఫోన్ చేసి, మీ దగ్గరే మోటార్ విప్పుతారా అని అడగాలి. అడిగితే నిజం చెప్తారు.

హార్డ్‌వేర్_కడప
బ్యాటరీని కొరియర్‌లో పంపొచ్చులే అనుకోకండి. విడి లిథియం బ్యాటరీలంటే చాలా కొరియర్లు తీసుకోవు. విమానంలో పోయే సరుకులో వాటికి ఆంక్షలున్నాయి, 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలు సరుకుగా వేయనే వేయరు. రోడ్డు మీద పోయే సర్వీసు అని ఒప్పించి పంపాలి. మనిషి చేతికిచ్చి పంపడమే ఇంకా తేలిక.

పాతహ్యామర్ (నంద్యాల)
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. వైరున్న మిషన్‌కు బ్యాటరీ లేదు, బ్యాటరీ వారంటీ గొడవా లేదు. ఆర్మేచర్ కాలితే పక్క వీధిలో వైండింగ్ షాపుంది. ఇరవై ఏళ్లుగా అదే వాడుతున్నా. పల్లెలో కరెంటు లేకపోతే టీ తాగి కూర్చుంటా, వచ్చాక చేస్తా.

కెమెరా_కర్నూలు
అన్నా, రోజుకు మూడు సైట్లు తిరిగేవాణ్ణి. టీ తాగుతూ కూర్చుంటే సరిపోదు 😀

నాపరాయి_బేతంచెర్ల
పాతహ్యామర్ అన్న మాటలో సగం నిజం ఉంది. కాంక్రీట్ విషయానికొస్తే ఆయనే కరెక్ట్.

కార్డ్‌లెస్‌లో హ్యామర్ అని ఉండేది చాలావరకు ఇంపాక్ట్ డ్రిల్లే. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకలాడుతాయి. దెబ్బలు ఎక్కువ, బలం తక్కువ. ఇటుకకు చాలు. స్లాబులో కంకర రాయి తగిలిందంటే అక్కడే ఆగి, ఎంత నొక్కినా బిట్టు వేడెక్కి నీలం తిరుగుతుంది. బ్యాటరీ కళ్ల ముందే దిగిపోతుంది. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి ఆ ఊపుతో బిట్టును కొడుతుంది. ఎస్‌డీఎస్ బిట్టు (తాళంచెవి లేకుండా తోసి పెట్టేది) పట్టేది అదే. దాన్ని గట్టిగా నొక్కాల్సిన పనే లేదు, మిషన్ బరువుతో దిగిపోతుంది. నీ పోర్టికో స్లాబులకు, గోడ దాటించే 14 బిట్టుకు అదే కావాలి. నీ దగ్గరున్న వైరు మిషన్‌కు బిట్టు పట్టే నోరు ఎట్లా ఉంది? మూడు కోరలతో చక్ తాళంచెవితో బిగించేదా, లేక బిట్టు తోసి వెనక్కి లాగేదా?

కెమెరా_కర్నూలు
తోసి లాగేదే అన్నా.

నాపరాయి_బేతంచెర్ల
అయితే నీకు రోటరీ హ్యామర్ ఆల్రెడీ ఉంది. దాన్ని వదలవద్దు. కార్డ్‌లెస్ కేవలం బ్రాకెట్లకూ స్క్రూలకూ. అప్పుడు నీ బ్యాటరీ లెక్కే మారిపోతుంది. ప్రొద్దుటూరు అన్న చెప్పిన 36 వాట్ అవర్లు మధ్యాహ్నం దాకా వస్తాయి.

మిద్దెమీద_సోలార్
ఇంకా రెండు చిన్న విషయాలు. గేరు స్విచ్చు పైన 1, 2 అని ఉంటుంది కదా, గోడ బెజ్జానికి 2లో పెట్టు. చాలామంది స్క్రూలు బిగించిన 1లోనే వదిలేసి గోడ మీద పడతారు. స్పీడు లేక దెబ్బలు సరిగా పడవు, బెజ్జానికి మూడింతలు టైము, అంత బ్యాటరీ. రెండోది బిట్టు. మొద్దుబారిన బిట్టు తినేంత బ్యాటరీ ఇంకేదీ తినదు. కార్బైడ్ కొన గుండ్రబడితే పారెయ్, యాభై రూపాయలకు చూసుకుని బ్యాటరీని అరగదియ్యొద్దు.

బురుజు_భాయ్
బ్రష్‌లెస్ అంటారు, దానికి అంత ఎక్కువ పెట్టొచ్చా?

సర్క్యూట్_ప్రొద్దుటూరు
బడ్జెట్‌లో వస్తే పెట్టొచ్చు భాయ్. అందులో కార్బన్లే ఉండవు కాబట్టి ఆ అరుగుదల లేదు, వేడి తక్కువ, అదే బ్యాటరీతో ఎక్కువసేపు వస్తుంది. ఒక్కటే చిక్కు. అందులో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే వీధి చివర వైండింగ్ షాపాయన ఏమీ చేయలేడు. వారంటీ ఉన్నంతకాలం హాయి, తర్వాత బోర్డు మొత్తం మార్చాలి. రోజూ వాడేవాళ్లకు బ్రష్‌లెస్, నెలకోసారి పరదా రాడ్డు బిగించేవాళ్లకు మామూలుదే చాలు.

గల్ఫ్_మామ
మరి ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు పడుతుందా? మా ఇంట్లో గ్రైండరు ఒకటి ఉంది 18 వోల్టులదే.

హార్డ్‌వేర్_కడప
పడదు. ఒకే కంపెనీలో కూడా పడకపోవచ్చు మామా. బాష్‌లో పచ్చ రంగు మిషన్ల బ్యాటరీ నీలం రంగు వాటికి ఎక్కదు, రెండూ 18 వోల్టులే అయినా. మకీటాలో 18 వోల్టులవి, 40 వోల్టులవి వేరువేరు. అందుకే మొదటి మిషన్ కొన్నప్పుడే ఆలోచించాలి. రేపు అదే బ్యాటరీతో బ్లోయర్, గ్రైండర్, కట్టర్ ఏమేం దొరుకుతాయో చూసుకోండి. తర్వాత బ్యాటరీ లేని ఒట్టి మిషన్ కొనుక్కుంటే చవగ్గా వస్తుంది. మీ గ్రైండర్ ఏ కంపెనీదో, ఏ సిరీస్‌దో చూసి అదే సిరీస్‌లో డ్రిల్ తీసుకోండి. బావమరిదికి పేరు కాదు, బ్యాటరీ ఫోటో పంపండి.

గల్ఫ్_మామ
ఇప్పుడే పంపించా.

పాతహ్యామర్ (నంద్యాల)
డూప్లికేట్ బ్యాటరీలు కూడా దొరుకుతున్నాయి కదా, ఒరిజినల్ రేటులో మూడో వంతుకు. వాటి సంగతేంటి?

సర్క్యూట్_ప్రొద్దుటూరు
నా దగ్గరికి రిపేరుకు వచ్చేవి ఎక్కువ అవే. సెల్లులన్నీ సమంగా ఛార్జ్ అయ్యేలా చూసే ఏర్పాటు ఉండదు. వేడిని చూసే సెన్సర్ చోట ఒట్టి రెసిస్టర్ పెట్టి ఛార్జర్‌ను నమ్మిస్తారు. ఎంత కాలినా ఛార్జర్‌కు 25 డిగ్రీలనే చెప్తుంది. మే నెలలో రాత్రి ఛార్జింగ్ పెట్టి నిద్రపోయే ఇంట్లో అది ఉండకూడదు. వారంటీ ఉన్న మిషన్‌కు ఇవి పెడితే, మోటార్ పోయినా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. పాడైన ప్యాకులు చెత్తబండిలో కూడా వెయ్యకండి, నలిగితే అంటుకుంటాయి. కంపెనీ సెంటర్‌కే ఇవ్వండి. 2022 రూల్స్ ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

కెమెరా_కర్నూలు
అన్నలూ, ఈ రోజు తీసుకున్నాను. 18 వోల్టుల బ్రష్‌లెస్, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు, ఛార్జర్, పెట్టె. బడ్జెట్ కొంచెం దాటింది. 12 తీసుకుందామని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశా, వడ్రంగి అన్న చెప్పినట్టు తేలికే. కానీ రేపు గ్రైండరు, బ్లోయరు ఇదే బ్యాటరీతో నడుపుకోవచ్చని 18కే వచ్చాను. కంపెనీ పేరు రాయను, రాస్తే మళ్లీ కొట్లాట. కర్నూలులోనే రిపేరు చేస్తారని ఫోన్ చేసి కనుక్కున్నాకే కొన్నా.

షాపాయన బిల్లులో ఒట్టి డ్రిల్ మిషన్ ఒకటి అని రాశాడు. సీరియల్ నంబర్ రాయమంటే విసుక్కున్నాడు కానీ రాశాడు. బ్యాటరీలు రెండింటి మీద తేదీ చూశాను, రెండూ ఈ ఏడాదివే. ఒకటి మాత్రం మొదట పాతది తీశాడు, మార్పించుకున్నా.

హార్డ్‌వేర్_కడప
ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్?

కెమెరా_కర్నూలు
అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి చేశా. ఓటీపీ రావడానికే పది నిమిషాలు పట్టింది. స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకు కూడా పంపించి పెట్టుకున్నా.

వడ్రంగి_అనంత
మంచిదప్పా. ఇటుకలో ఎట్లా పోతోంది?

కెమెరా_కర్నూలు
2వ గేరులో, కొత్త 6 బిట్టుతో సర్రున పోతోంది. ఎర్ర ఇటుకలో అయితే చెయ్యి ఆపుకోవాల్సి వస్తోంది. సిమెంటు పూత గట్టిగా ఉన్నచోట మొదటి సెంటీమీటరు కొంచెం మొండికేస్తుంది.

పాతహ్యామర్ (నంద్యాల)
అయితే ఆ వైరు మిషన్ అమ్మేస్తావా? నా దగ్గర పిల్లోడు ఒకడు పని నేర్చుకుంటున్నాడు, వాడికి ఇస్తా.

కెమెరా_కర్నూలు
అమ్మను అన్నా. రేపు పోర్టికో స్లాబు పని ఉంది.